వాన ఒకటే, నేలలు వేరు: మెడ దాటిన థైరాయిడ్ కథ

(ఒక పట్టణ గ్రంథాలయంలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, సాధారణ పాఠకుల ఎదుట శరీరధర్మశాస్త్ర అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

నేను వైద్యవిద్య చదువుతున్న రోజుల్లో ఒక ఉదయం మా గురువుగారు ఓపీలో నలభై ఏళ్ల ఆవిడను కుర్చీ మీద మోకాళ్లు ఆనించి, పాదాలు రెండూ అంచు దాటి వేలాడేలా ఉండమన్నారు. ఆవిడ కుర్చీ వెనుక భాగం పట్టుకుని అలాగే మోకరిల్లింది. ఆయన రబ్బరు సుత్తి తీసుకుని మడమకు కాస్త పైన, తాడులా చేతికి తగిలే స్నాయువు మీద తేలిగ్గా తట్టారు. పిక్క బిగిసి పాదం చటుక్కున వెనక్కి తన్నింది. ఇది అందరిలోనూ జరిగేదే. మేము చూడవలసింది ఆ తరువాతి క్షణం. మామూలుగా పాదం ఎంత వేగంగా వెళ్తుందో అంత వేగంగానూ తిరిగి వస్తుంది. ఆవిడ పాదం వెళ్లినచోటే కాసేపు ఆగి, నీటిలో మునుగుతున్న ఆకులా మెల్లగా దిగింది. గురువుగారు మావైపు తిరిగి, "మెడ చూడకముందే జబ్బు తెలిసిపోయింది, చూశారా" అన్నారు.

ఆవిడకు థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉంది. రక్తపరీక్ష ఫలితం కొన్ని రోజులకు వచ్చింది, ఆయన చెప్పిందే అందులోనూ ఉంది. కానీ ఆ రోజంతా నన్ను ఒకే ప్రశ్న వెంటాడింది. థైరాయిడ్ గ్రంథి మెడలో, స్వరపేటికకు కింద, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. బరువు ఇరవై గ్రాములు, కాస్త అటూ ఇటూ. అంత చిన్న గ్రంథి మందగిస్తే ఎక్కడో మడమ దగ్గర పాదం ఎందుకు ఆలస్యంగా దిగాలి? పాదానికీ మెడకూ ఏమిటి సంబంధం?

ఈ రోజు నా ప్రసంగమంతా ఆ ప్రశ్నకు జవాబే. మనం "నాకు థైరాయిడ్ ఉంది" అంటాం. థైరాయిడ్ అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. ఆ మాట అన్నప్పుడల్లా మన చేయి తెలియకుండానే మెడ మీదికి పోతుంది. కానీ ఈ జబ్బు బాధ పెట్టేది గుండెలో, పేగుల్లో, ఎముకల్లో, చర్మంలో, మెదడులో. మెడ హార్మోనును పంపుతుంది, అంతవరకే. ఆ హార్మోనుకు అర్థం వచ్చేది అది చేరినచోట. అక్కడ దాన్ని అందుకునే ప్రొటీన్లు ఉంటాయి. ఇంగ్లీషులో రిసెప్టర్లంటారు, మనం గ్రాహకాలందాం. మన కథలో ముఖ్యపాత్రలు అవే.

ముందు కొంచెం వెనక్కి వెళదాం. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే యువవైద్యుడి దగ్గరికి 46 ఏళ్ల స్త్రీ వచ్చింది. ముఖం ఉబ్బి, చర్మం మొద్దుబారి, మాట మందగించి, చలికి వణుకుతూ, ఇల్లు దాటి వెళ్లలేని స్థితిలో ఉంది. మర్రే గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఆమె చర్మం కింద సూదితో ఎక్కించాడు. కొన్ని నెలల్లో ఆమె మనిషైంది. ఆ తరువాత నోటి ద్వారా అదే మందు తీసుకుంటూ 1919లో, 74వ ఏట కన్నుమూసింది. ఆ 28 ఏళ్లలో ఆమెకు ఇచ్చిన మందు కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడవలసి వచ్చిందని మర్రే తానే లెక్క రాశాడు. నేను తరగతిలో ఈ సంఖ్య చెప్పి కాసేపు ఆగుతాను. ఈ రోజు అదే పని ఉదయాన్నే వేసుకునే ఒక చిన్న తెల్ల మాత్ర చేస్తోంది.

గమనించండి, గొర్రె గ్రంథి రసాన్ని ఆమె మెడలోకి ఎక్కించలేదు. చర్మం కింద ఎక్కడ వేసినా సరిపోయింది. అంటే గ్రంథి ఎక్కడ ఉందన్నది కాదు, దాని సరుకు రక్తంలోకి చేరిందా లేదా అన్నదే లెక్క. ఆ సరుకును 1914 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ స్ఫటికాలుగా విడదీశాడు. అదే థైరాక్సిన్. నాలుగు అయొడిన్ పరమాణువులు ఉంటాయి కాబట్టి టీ4 అంటాం. 1952లో లండన్‌లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్‌రివర్స్ మూడు అయొడిన్ పరమాణువుల టీ3ని కనుగొన్నారు. గ్రంథి ఎక్కువగా పంపేది టీ4. పని ఎక్కువగా చేసేది టీ3. రోజూ మన ఒంట్లో తయారయ్యే టీ3లో సుమారు 80 శాతం గ్రంథిలో పుట్టదు. కాలేయం, మూత్రపిండాలు, కండరాలు, మెదడు వంటి చోట్ల టీ4 నుంచి ఒక అయొడిన్‌ను ఊడదీసి తయారు చేసుకుంటాయి. థైరాయిడ్ హార్మోను అని మనం పిలిచే పదార్థంలో పదునైన భాగం చాలావరకు థైరాయిడ్ బయటే తయారవుతోందన్నమాట. ఈ ఒక్క సంగతి తెలిసినా మెడ మీదినుంచి మన చేయి కాస్త పక్కకు జరుగుతుంది.

ఇక తోకకప్పల సంగతి. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది. 1912లో గూడెర్నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు రకరకాల జంతు గ్రంథుల ముక్కలు మేతగా వేశాడు. గుర్రపు థైరాయిడ్ తిన్న పిల్లలు మిగతావాటి కంటే ఎంతో ముందుగా కాళ్లు మొలిపించుకుని, తోక పోగొట్టుకుని, ఈగంత కప్పలైపోయాయి. ఎదగవలసిన వయసు రాకుండానే పెద్దవైన కప్పలవి. మన పల్లెల్లో వర్షాకాలపు నీటిగుంట దగ్గర కూర్చున్నవారెవరైనా ఈ మార్పును చూసే ఉంటారు. ఆ గుంటలోని ప్రతి తోకకప్ప ఒంట్లోనూ ఒక రోజు థైరాయిడ్ హార్మోను పెరుగుతుంది, ఆ రోజు నుంచి దాని జన్మ మారుతుంది.

ఇప్పుడు కాస్త దగ్గరగా చూడండి. అదే హార్మోను తోకకు చేరితే తోక కణాలు చచ్చిపోయి కరిగిపోతాయి. కాళ్లు మొలిచేచోటికి చేరితే కణాలు విభజన చెంది పెరుగుతాయి. ఒక చోట చావు, ఒక చోట పుట్టుక. పంపినది ఒకటే.

వాన ఊరంతటికీ ఒకటే కురుస్తుంది. నల్లరేగడి దాన్ని వారాల తరబడి పట్టి ఉంచి పత్తిని పండిస్తుంది. ఇసుకనేల సాయంత్రానికి పీల్చేసి వేరుశెనగకు ఊపిరి పోస్తుంది. చవుడునేల మీద అదే వాన తెల్లటి పొర మిగులుస్తుంది. వానకు పత్తి తెలియదు, వేరుశెనగ తెలియదు. నేలకు తెలుసు. థైరాయిడ్ హార్మోను విషయంలో ఆ నేల గుణమే గ్రాహకం, దాని చుట్టూ ఆ కణంలో ఉన్న ఇతర ప్రొటీన్లూ.

గ్రాహకం ఎక్కడ ఉందో ఎలా తెలిసింది? ఇక్కడ మన దేశంలో పుట్టిన ఒక శాస్త్రవేత్త పేరు చెప్పుకోవాలి. జంషెడ్ టాటా, లండన్‌లో మిల్ హిల్ పరిశోధనశాలలో పనిచేసినవారు. 1960లలో అందరూ థైరాయిడ్ హార్మోను నేరుగా కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మీద పనిచేసి ఒంటి వేడిని పెంచుతుందని అనుకుంటున్నారు. టాటా ఎలుకలకు హార్మోను ఇచ్చి ఏది ముందు మారుతోందో వరుసగా చూశారు. జీవక్రియ వేగం పెరగడానికి చాలా ముందే కేంద్రకంలో ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువును చదివి రాసుకునే నకలు, తయారీ పెరుగుతోంది. ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే మందు ముందే ఇస్తే హార్మోను ఎంత పోసినా జీవక్రియ వేగం పెరగలేదు. ఆ తరువాత తోకకప్ప తోకను కోసి గాజుపాత్రలో విడిగా ఉంచి దానికి టీ3 కలిపారు. తల లేదు, మెడ లేదు, గుండె లేదు, రక్తం లేదు. ఉత్త తోక. అయినా తోక తనంతట తాను కుంచించుకుపోయింది. ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపితే తోక అలాగే ఉండిపోయింది. చావడానికి కూడా ఆ తోక ఒక జన్యువును చదివి, ఒక ప్రొటీనును తయారు చేసుకోవలసి వచ్చింది. హార్మోను చేసే పని కేంద్రకంలో, జన్యువుల దగ్గర మొదలవుతుందని ఆ ప్రయోగాలు చెప్పాయి.

1972లో జాక్ ఓపెన్‌హైమర్ బృందం రేడియోధార్మిక టీ3ని ఎలుకలకు ఇచ్చి, కాలేయం, మూత్రపిండాల కణాల కేంద్రకాల్లో అది గట్టిగా అంటుకుని ఉండటం చూపింది. అంటుకున్నచోటు ఉందని తెలిసింది, అది ఏ ప్రొటీనో మాత్రం 1986 వరకు తెలియలేదు. తెలిసిన దారి విచిత్రమైనది. కోళ్లలో రక్తక్యాన్సర్ కలిగించే ఒక వైరస్ ఉంది. అందులో ఒక జన్యువు కోడి నుంచి దొంగిలించినది. ఆ జన్యువు అసలు రూపం కోడి ఒంట్లో ఏం చేస్తుందని వెతికితే, అదే థైరాయిడ్ హార్మోను గ్రాహకమని తేలింది. యూరప్‌లో వెన్‌స్ట్రోమ్ బృందం, అమెరికాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందం ఒకే ఏడాది, ఒకే పత్రికలో ఆ సంగతి ప్రకటించాయి.

మనుషుల్లో ఈ గ్రాహకాలకు రెండు జన్యువులున్నాయి. ఆల్ఫా 17వ క్రోమోజోము మీద, బీటా 3వ క్రోమోజోము మీద. గుండె, ఎముక, పేగు, కండరంలో ఆల్ఫాది పైచేయి. కాలేయంలో బీటాది పైచేయి. మెదడులో రెండూ ఉంటాయి, ఆల్ఫా వాటా ఎక్కువ. బీటాలోనే రెండో రకం ఒకటి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో, దాని పైన ఉండే హైపోథాలమస్ అనే మెదడు భాగంలో, కంటి రెటీనాలో, లోపలి చెవిలో ఉంటుంది. ఈ పంపకాన్ని గుర్తుపెట్టుకోండి. తరువాత చెప్పబోయే ప్రతి మనిషి కథా ఇందులోనుంచే వస్తుంది.

ఈ గ్రాహకం పనితీరులో చాలామందికి తెలియని ఒక ముఖ్యమైన సంగతి ఉంది. హార్మోను రాకముందు గ్రాహకం ఖాళీగా కూర్చోదు. డీఎన్‌ఏ మీద, తాను నడపవలసిన జన్యువు పక్కనే కూర్చుని ఆ జన్యువును మూసి ఉంచుతుంది. గాదె తలుపు ముందు కూర్చున్న కావలివాడిలాంటిది. ఎవరూ రాకపోతే తలుపు తీయడు, ఇంకెవరినీ తీయనివ్వడు. టీ3 వచ్చి చేయి కలిపిన క్షణంలో దాని ఆకారం మారి, ఇంతసేపూ తలుపు మూయడానికి తోడుగా ఉన్న ప్రొటీన్లు జారిపోతాయి, తెరిచే ప్రొటీన్లు వచ్చి చేరతాయి. ఆ కావలివాడే తలుపు తీస్తాడు. కొన్ని జన్యువుల దగ్గర ఇది తలకిందులుగా జరుగుతుంది. పిట్యూటరీలో టీఎస్‌హెచ్‌ను, అంటే థైరాయిడ్‌ను పనిచేయమని ఉసిగొలిపే హార్మోనును, తయారుచేసే జన్యువు టీ3 వస్తే మూతపడుతుంది. మీ రక్తపరీక్షలో హార్మోను తగ్గితే టీఎస్‌హెచ్ పెరగడానికి కారణం అదే.

దీని ఫలితం ఎంత లోతైనదో ఎలుకలు చూపించాయి. పుట్టుకతోనే థైరాయిడ్ ఏర్పడని ఎలుక పిల్లలు ఉన్నాయి. హార్మోను ఇవ్వకపోతే తల్లిపాలు మానే వయసుకే అవి చచ్చిపోతాయి. అదే సమయంలో, గ్రాహకాలు రెండు రకాలూ లేకుండా పుట్టించిన ఎలుకలు బతికి పెద్దవయ్యాయి. హార్మోను లేకపోవడం కంటే గ్రాహకమే లేకపోవడం మేలైంది! థైరాయిడ్ లేని ఎలుక పిల్లల్లో ఆల్ఫా గ్రాహకం జన్యువును కూడా తీసేస్తే, చావవలసిన పిల్లలు బతికాయి. ఎందుకు? హార్మోను రాని కావలివాడు తలుపులు బిగించి కూర్చుంటాడు. కావలివాడే లేకపోతే తలుపు ఓరగానైనా తెరుచుకుని ఉంటుంది. థైరాయిడ్ తక్కువైనప్పుడు ఒంట్లో జరిగే నష్టంలో పెద్ద భాగం, ఏదో లేకపోవడం వల్ల వచ్చినది కాదు. ఖాళీ చేతులతో కూర్చున్న గ్రాహకం పట్టుదలగా మూసి ఉంచడం వల్ల వచ్చినది. మొదటిసారి ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు ఆ పాదం దగ్గరికి వద్దాం. కండరం బిగియాలంటే లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటికి రావాలి. వదలాలంటే ఆ కాల్షియాన్ని మళ్లీ సంచుల్లోకి తోడిపోయాలి. తోడే పని ఒక పంపు ప్రొటీనుది. ఆ పంపు జన్యువును నడిపేవాటిలో థైరాయిడ్ గ్రాహకం ఒకటి. హార్మోను లేకపోతే పంపులు తక్కువ తయారవుతాయి, కాల్షియం మెల్లగా తగ్గుతుంది, పిక్క మెల్లగా వదులుతుంది, పాదం మెల్లగా దిగుతుంది. ఆ రోజు మా గురువుగారు ఆ సుత్తితో తట్టింది మడమనే, కానీ మేము చూసింది పిక్క కండరపు కేంద్రకంలో కూర్చున్న గ్రాహకాన్ని. గుండెలోనూ ఇలాంటి పంపే. థైరాయిడ్ తగ్గినవారి గుండె కొట్టుకోవడమే కాదు, కొట్టుకున్న తరువాత సేదతీరడం కూడా మందగిస్తుంది.

గుండె మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంత ఆగాలి. గుండెకూ కాలేయానికీ మధ్య ఈ హార్మోను చుట్టూ నడిచిన కథ యాభై ఏళ్లది. థైరాయిడ్ తగ్గితే రక్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతుందని, హార్మోను ఇస్తే తగ్గుతుందని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. మరి గుండెపోటు వచ్చినవారికి కొలెస్ట్రాల్ తగ్గించడానికి ఈ హార్మోను ఇస్తే? 1960లలో అమెరికాలో గుండెపోటు వచ్చి తేరుకున్న మగవారి మీద ఒక పెద్ద పరీక్ష మొదలైంది. అందులో ఒక వర్గానికి థైరాక్సిన్‌కు అద్దంలో ప్రతిబింబం లాంటి రూపాన్ని, డెక్స్‌ట్రోథైరాక్సిన్‌ను ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గింది. చావులు పెరిగాయి. 1970ల మొదట్లో ఆ మందును ఆపేశారు. మేలు చేయబోయి హాని చేసిన ప్రయత్నమిది, అందులో పాల్గొన్నవారి పట్ల నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. కానీ తప్పు ఎక్కడ జరిగిందో అప్పటికి ఎవరికీ తెలిసే వీలు లేదు. గ్రాహకాలు రెండు రకాలున్నాయన్న సంగతి తెలియడానికి ఇంకా పదిహేనేళ్లు పట్టింది. కొలెస్ట్రాల్ తగ్గించేది కాలేయంలోని బీటా. గుండెను పరుగెత్తించేది గుండెలోని ఆల్ఫా. వారు ఇచ్చిన మందు రెండింటినీ తట్టి లేపింది.

తెలిసిన తరువాత రసాయనవేత్తలు బీటాను మాత్రమే తట్టే అణువుల కోసం వెతికారు. దారి సాఫీగా లేదు. ఒక మందు మనుషుల్లో బాగానే పనిచేస్తుండగా, కుక్కల్లో మృదులాస్థి దెబ్బతింటోందని తేలి 2012లో పరీక్షలే ఆగిపోయాయి. చివరికి రెస్‌మెటిరోమ్ అనే మందు, బీటాను ఎంచుకుని, ఎక్కువగా కాలేయంలోకే చేరేలా తయారైంది. 2024 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. ఎవరికి? థైరాయిడ్ రోగులకు కాదు. కాలేయంలో కొవ్వు పేరుకుని, వాచి, మచ్చకట్టడం మొదలైనవారికి, ఆహార నియమంతో, వ్యాయామంతో పాటు. ఫ్యాటీ లివర్ అన్న మాట ఇప్పుడు మన ఇళ్లలో కూడా వినబడుతోంది కదా, ఆ జబ్బు ముదిరిన రూపానికి అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందు ఇదే. థైరాయిడ్ గ్రంథికి ఏ జబ్బూ లేని మనిషికి థైరాయిడ్ గ్రాహకం ద్వారా చికిత్స! మెడను దాటి ఆలోచించినందుకు దొరికిన ఫలమిది.

గ్రాహకంలోనే లోపం ఉంటే ఎలా ఉంటుందో రెండు కథలు చెబుతాను.

1967లో శామ్యూల్ రెఫెటాఫ్ అనే వైద్యుడు ఒక కుటుంబంలోని పిల్లల గురించి రాశాడు. పుట్టుకతో చెవుడు, మాటలు లేవు, గళగండం (థైరాయిడ్ గ్రంథి పెరిగి మెడ ఉబ్బడం), ఎముకల ఎదుగుదలలో లోపం. రక్తంలో థైరాయిడ్ హార్మోను మాత్రం ఎక్కువ. హార్మోను ఎక్కువ ఉన్న మనిషి చిక్కిపోవాలి, చెమటలు పట్టాలి, చేతులు వణకాలి. వారిలో అవేవీ లేవు. హార్మోను వస్తోంది, అందుకునే చేయి లేదు. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక ఆ పిల్లలకు బీటా గ్రాహకం జన్యువు రెండు ప్రతులూ లేవని తేలింది. లోపలి చెవి రూపుదిద్దుకోవడానికి బీటా కావాలి, అందుకే చెవుడు. ఎలుకల కంట్లో బీటా రెండో రకం లేకపోతే ఆకుపచ్చ కాంతిని పట్టే శంకుకణాలే ఏర్పడవని 2001లో తెలిసింది. రంగులు చూసే కంటికీ ఈ గ్రాహకం కావాలంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం.

బీటా లోపం ఉన్నవారు సుమారు నలభై వేల మందికి ఒకరి చొప్పున ఉంటారని అంచనా. చాలామందిలో ఒక ప్రతి మాత్రమే చెడి ఉంటుంది. వారి పిట్యూటరీలోని బీటా సరిగా వినదు కాబట్టి హార్మోను చాలడం లేదనుకుని టీఎస్‌హెచ్ పంపుతూనే ఉంటుంది, రక్తంలో హార్మోను పెరుగుతుంది. వారి గుండెలోని ఆల్ఫా మాత్రం బాగానే ఉంది, ఆ పెరిగిన హార్మోనుకు గుండె దడదడలాడుతుంది. ఒకే మనిషిలో ఒక అవయవానికి హార్మోను తక్కువ, మరో అవయవానికి ఎక్కువ. కాగితం మీద హార్మోను ఎక్కువ కనబడగానే గ్రంథిని తీసేయడమో, రేడియో అయొడిన్‌తో కాల్చేయడమో జరిగితే ఆ మనిషికి జీవితాంతం కష్టమే. హార్మోను ఎక్కువగా ఉండీ టీఎస్‌హెచ్ అణగకుండా ఉంటే, చికిత్సకు తొందరపడకుండా ఆగి ఆలోచించమని ఇక్కడున్న వైద్య విద్యార్థులను చేతులు జోడించి అడుగుతున్నాను.

రెండో కథ 2012ది. కేంబ్రిడ్జి పరిశోధకులు ఆరేళ్ల పాప గురించి రాశారు. వయసుకు తగ్గ ఎత్తు లేదు, ఎముకలు ముదరడం ఆలస్యం, ఏళ్ల తరబడి మొండి మలబద్ధకం, నడకలో తడబాటు. చూస్తే థైరాయిడ్ పూర్తిగా లేని పాపలా ఉంది. టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది. టీ4 కాస్త తక్కువ వైపు, టీ3 కాస్త ఎక్కువ వైపు, అంతే. కారణం ఆల్ఫా గ్రాహకంలో మార్పు. పేగు, ఎముక, కండరం హార్మోనును అందుకోలేవు. పిట్యూటరీ నడిచేది బీటా మీద కాబట్టి దానికి లోపమే తెలియదు, అది హాయిగా మామూలు టీఎస్‌హెచ్ పంపుతోంది. మనం థైరాయిడ్ జబ్బును పట్టేది పిట్యూటరీ చెప్పే మాటతో. ఆ పిల్ల బాధను పిట్యూటరీ చెప్పలేకపోయింది. ఆ పాప పేగులు ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాయి.

గ్రాహకం బాగున్నా, హార్మోను దాని దాకా చేరాలి. మెదడులోకి హార్మోనును చేరవేసే ఒక ద్వారపు ప్రొటీను ఉంది. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది కాబట్టి లోపం ఉంటే ఎక్కువగా మగపిల్లలే బలవుతారు. రక్తంలో టీ3 ఎక్కువ, మెదడులో తక్కువ. ఆ పిల్లలు మెడ నిలపలేరు, మాట రాదు. 2004లో ఈ కారణం దొరికింది. ఇది అరుదైన జబ్బు, ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

మెదడు గురించి మాత్రం ఆగుతాను. తల్లి గర్భంలో సుమారు పదో వారానికే బిడ్డ మెదడులో థైరాయిడ్ గ్రాహకాలు కనబడతాయి. బిడ్డ సొంత గ్రంథి హార్మోను తయారుచేయడం మొదలుపెట్టేది పన్నెండో వారం తరువాత, అది చాలినంతగా అందేది ఇంకా ఆలస్యంగా. అంటే విస్తరి వేసుకుని కూర్చున్న అతిథి ఉన్నాడు, ఆ ఇంట్లో ఇంకా పొయ్యి వెలగలేదు. అప్పుడు వడ్డించేది తల్లే. ఆ వారాల్లో బిడ్డ మెదడు అందుకునే ప్రతి థైరాక్సిన్ అణువూ తల్లి మెడలో పుట్టి, మాయను (ప్లాసెంటాను) దాటి వచ్చినదే.

తల్లికి అయొడిన్ అందకపోతే ఏమవుతుందో హిమాలయ పాదాల దగ్గర తరతరాలుగా కనిపించింది. పెద్దవారికి గళగండం, పిల్లలకు చెవుడు, మూగతనం, బుద్ధిమాంద్యం. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్న వులిమిరి రామలింగస్వామి గారు 1956 నుంచి కాంగ్రా లోయలో దీని మీద పనిచేశారు. లోయను మండలాలుగా విడదీసి, కొన్నిటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మరొకదానికి మామూలు ఉప్పు అందేలా చేసి, ఏళ్ల తరబడి బడిపిల్లల మెడలు పరీక్షించారు. అయొడిన్ ఉప్పు తిన్నచోట గళగండం బాగా తగ్గింది. 1962లో దేశం గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. మన శ్రీకాకుళం బిడ్డ కాంగ్రా పల్లెల్లో పిల్లల మెడలు తడిమి చూసిన పని వల్ల ఈ రోజు మన వంటింటి ఉప్పు డబ్బాలో అయొడిన్ ఉంది. చూసింది మెడలనే. కాపాడినది మాత్రం ఇంకా పుట్టని పిల్లల మెదళ్లను.

మీరు పంపిన చీటీలు నా చేతికి వచ్చాయి. మూడింటికి జవాబు చెబుతాను.

మొదటిది, "బరువు తగ్గడానికి టీ3 మాత్రలు వాడవచ్చా?" వద్దు. దయచేసి వద్దు. మీకు కావలసింది కొవ్వు కరగడం. మాత్రకు మీ కోరిక తెలియదు. అది గుండెలోని ఆల్ఫా దగ్గరికీ, ఎముక దగ్గరికీ, కండరం దగ్గరికీ వెళ్తుంది. గుండె లయ తప్పుతుంది, ఎముక పలచబడుతుంది, కండరం కరుగుతుంది. డెక్స్‌ట్రోథైరాక్సిన్ కథ అందుకే అంత వివరంగా చెప్పాను.

రెండోది, "నా టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది, అయినా నీరసం తగ్గడం లేదు. నా గ్రాహకాలు పనిచేయడం లేదా?" ఈ ప్రశ్న వస్తుందనుకున్నాను. గ్రాహక లోపాలు చాలా అరుదు. మామూలు థైరాయిడ్ లోపంలో టీఎస్‌హెచ్‌ను మించిన మంచి గుర్తు ఇంకా మన దగ్గర లేదు, దాన్ని నమ్మండి. నీరసానికి ముందుగా చూడవలసినవి రక్తహీనత, బీ12, చక్కెర, నిద్ర, మనసులోని దిగులు. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకీ టిఫినుకూ అరగంట నుంచి గంట దూరం ఉంచుతున్నారా చూడండి. కాల్షియం, ఇనుము మాత్రలకు నాలుగు గంటల దూరం ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు ముందు ప్రయోగశాలవారికి, వైద్యులకు చెప్పండి, అది కొన్ని రకాల పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. మోతాదు మార్చాక ఆరు వారాలకు గాని పరీక్ష చేయించకండి. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. ఆ తరువాత జన్యువు తెరుచుకోవాలి, ప్రొటీను తయారవ్వాలి, పాత పంపుల చోట కొత్తవి చేరాలి.

మూడోది ఒక అమ్మాయి రాసింది. "నాకు మూడేళ్లుగా థైరాయిడ్ మాత్ర నడుస్తోంది. ఇప్పుడు బిడ్డ కావాలనుకుంటున్నాం. ఏం చేయాలి?" ఇప్పుడే, గర్భం రాకముందే, మీ వైద్యుల దగ్గరికి వెళ్లి టీఎస్‌హెచ్ చూపించుకోండి తల్లీ. నెల తప్పి పరీక్షలో తెలిసిన రోజే వారికి ఫోను చేయండి, తరువాతి నెల చెకప్ దాకా ఆగవద్దు. చాలామందికి మోతాదు పాతిక నుంచి ముప్ఫై శాతం పెంచవలసి వస్తుంది. వాంతులవుతున్నాయని, మందులు బిడ్డకు మంచివి కావని ఇంట్లో ఎవరైనా అన్నా ఈ మాత్ర మాత్రం మానకండి. అయొడిన్ ఉప్పే వాడండి, డబ్బా మూత గట్టిగా పెట్టండి. ఆ మొదటి పన్నెండు వారాలు లోపల పొయ్యి వెలగలేదు, విస్తరి మాత్రం వేసి ఉంది.